సున్నా వారాలు

జూన్ 2, సోమవారం

దగ్గు ఇవాళ ఒక్క పుస్తకమే ఇచ్చాడు. ట్రేడ్ బోర్డు గుమాస్తాకి ఆ పేరు నేనే పెట్టుకున్నాను. మనిషి కన్నా ముందు దగ్గు వస్తుంది. మామూలుగా ఆరో ఏడో పుస్తకాలు దారంతో కట్టి నా బల్ల మీద పడేస్తాడు. ఇవాళ ఒక్కటి, అదీ కవర్లో పెట్టి, రెండు చేతులతో అందించాడు. "నిదానంగా చూడండి మాస్టారూ, తొందరేం లేదు" అన్నాడు. ఎనిమిదేళ్ళలో అతని నోట ఆ మాట వినడం ఇదే మొదలు. దీని వెనక ఎవరిదో చెయ్యి ఉంది.

ఇంటికొస్తే మా ఆవిడ కాఫీ గ్లాసు ముందు పెట్టి, ఈసారి ఎవరి పుస్తకం వచ్చిందని అడిగింది. ఎప్పుడూ అడగదు. పైగా ఈ పుస్తకాల సంగతి తనకు సరిగ్గా తెలియదంటూ మొదట్నించీ చెప్పించుకుంది. చెప్పాను. మిలిటరీలో ఉండగానే బయట పనికొచ్చే ట్రేడు సర్టిఫికెట్టు సంపాదించుకోవచ్చు. దానికి ఎనిమిది వేల గంటలు పని చెయ్యాలి. ఏ వారం ఎన్ని గంటలు చేశారో వాళ్ళ చేత్తో వాళ్ళే పుస్తకంలో రాసుకోవాలి, పక్కన షెడ్డు పెద్ద సంతకం పెట్టాలి. పుస్తకం నిండాక బోర్డుకొస్తుంది. బయటి పరీక్షకుడు, అంటే నేను, పేజీ పేజీ చూసి, మనిషిని పిలిచి, మెషిన్ మీద నిలబెట్టి, అప్పుడు సంతకం పెడతాను. ఇదంతా ఒంటి మీద యూనిఫాం ఉండగానే జరగాలి. డిశ్చార్జి అయిన మర్నాడు ఆ గంటలకి విలువ లేదు.

అన్నీ విని "ఓహో" అంది. నలభై ఐదేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి 'ఓహో' అంటోంది.

భోజనం అయ్యాక కవరు విప్పాను. టర్నర్, లేత్ మెషిన్ పని. ఆడపిల్ల. ఈ నెల ముప్పైన డిశ్చార్జి. మొత్తం ఎనిమిది వేల పదహారు గంటలు. మొదటి పేజీలో షెడ్డు పెద్ద సంతకం చూశాను. కింద పేరు చదవాల్సిన పని లేకపోయింది. చివరి అక్షరం తోక వెనక్కి తిరిగి పేరు కిందంతా సాగుతుంది, ఆ తోక కింద రెండు చుక్కలు.

వాడు నా తోడబుట్టినవాడు. ఇంతకు మించి ఇవాళ రాయను.

జూన్ 3, మంగళవారం

రాస్తాను. నా డైరీలో నేను రాయకపోతే ఎవరు రాస్తారు.

నాకన్నా నాలుగేళ్ళు చిన్న. నా వెనకే మిలిటరీలో చేరాడు, అదే షెడ్డు, నా పక్క మెషిన్. పై పరీక్ష ఏదో రాసి నాకన్నా ముందు షెడ్డు పెద్ద అయ్యాడు. ఇంట్లో నేను తినగా మిగిలింది తిన్నవాడి ముందు సెల్యూట్ కొట్టి నిలబడ్డాను. అప్పట్లో వారం వారం సంతకం లేదు. డిశ్చార్జికి ముందు పుస్తకమంతా ఒక్కసారే పెట్టేవాళ్ళు. రెండొందల వారాలు నా పుస్తకంలో. అందులో ఒక పన్నెండు వారాలకి నేను రాత్రింబవళ్ళు మెషిన్ మీద నిలబడి పనిచేస్తే, వాటికి సంతకం పెట్టనన్నాడు. పుస్తకం వాడి చేతిలోంచి లాక్కుని వచ్చేశాను. బయట కార్ఖానాలో టర్నర్‌గా పిలిచినవాళ్ళే, సర్టిఫికెట్టు లేదనేసరికి హెల్పర్‌గా తీసుకున్నారు. పదకొండేళ్ళు నాకన్నా చేతకానివాళ్ళకి పనిముట్లు అందించాను. తరవాత మెషిన్ ఇచ్చారు, ఇంకా తరవాత ఫోర్‌మన్ని చేశారు. ఆ పదకొండేళ్ళు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

నలభై ఒక్క ఏళ్ళుగా వాడితో మాట లేదు. రిటైరయ్యాక కూడా అదే షెడ్డులో సివిలియన్‌గా మళ్ళీ చేరాడని విన్నాను. కుర్చీ వదలడు కదా.

మనసులో ఉన్నది దాచుకోకుండా రాసుకుంటాను: బోర్డు ఇచ్చే సర్టిఫికెట్టు మీద నా సంతకం కింద ఒక గడి ఉంటుంది, పరీక్షకుడి సొంత సర్టిఫికెట్టు నంబరుకి. అందులో నేనొక గీత గీస్తాను. ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

జూన్ 5, గురువారం

దొరికింది.

పుస్తకం మూడు రోజులు వెనక్కీ ముందుకీ తిప్పాను. మొదట్లో అంతా సవ్యంగానే ఉంది, అదే నాకు నచ్చలేదు. ఐదున్నరేళ్ళ పుస్తకంలో నలభై పైగా సున్నా వారాలు. పని చెయ్యని వారానికి ఆ పిల్ల సున్నా రాసి, పక్కన కారణం రాసింది. గేటు కాపలా. పరేడు. జ్వరం. ఒకచోట, రాళ్ళకి రంగు. ఆ పేజీ తిప్పేశాను. ఒక్కో సున్నా పక్కనా వాడి సంతకం, తోకతో, చుక్కలతో సహా. సున్నాకి సంతకం దేనికి? నిజాయితీ చూపించుకోవడానికి. అంత చూపించుకునేవాడు ఎక్కడో ఏదో దాస్తుంటాడు.

ఎక్కడో ఇవాళ తెలిసింది. ఈ ఫిబ్రవరిలో వరసగా మూడు సున్నాలు, పక్కన కారణమూ లేదు, సంతకమూ లేదు. ఆ మూడింటి తరవాత పద్నాలుగు వారాలు, అన్నిటికీ నలభై పైనే గంటలు. ఆ పద్నాలుగు సంతకాలూ వాడివి కావు. అక్షరాలు వంకర్లు పోయాయి, కుడికి ఒరగాల్సినవి ఎడమకి ఒరిగాయి, ఇంకు అలుక్కుపోయింది. తోక ఉంది కానీ మధ్యలో విరిగింది. చుక్కలు రెండూ కలిసిపోయాయి. బడిపిల్లలు నాన్న సంతకం దొంగిలించినట్టు ఉంది.

వాడి సంతకం నాకు తెలిసినంతగా వాడి భార్యకి కూడా తెలియదు. ఆ తోక వెయ్యడం నేర్పింది నేనే, పలక మీద.

ఆ పద్నాలుగూ కొట్టేస్తే ఆరువందల గంటలు పోతాయి. ముప్పైలోపు ఎనిమిది వేలు నిండవు.

జూన్ 6, శుక్రవారం

నిద్ర బాగా పట్టింది.

జూన్ 8, ఆదివారం

మా ఆవిడ ఆదివారం ఆదివారం పదకొండింటికి బట్టలు ఆరెయ్యడానికి డాబా మీదకి వెళ్తుంది. ఇవాళ గమనించాను, ఫోన్ కూడా తీసుకెళ్ళింది. తడిబట్టలకి ఫోనెందుకు? ఉన్నవి నాలుగు జతలు, ముప్పావుగంట ఆరేసింది. కిందకి వచ్చాక మొహం అదోలా ఉంది. ఏమిటని అడిగితే ఎండ అంది. మబ్బు పట్టి ఉంది.

ఒక చక్రవర్తి చరిత్ర చదువుతున్నాను. తనకి విషం పెడతారని ప్రతి ముద్దా ముందు ఇంకొకరి చేత తినిపించేవాడట. చివరికి ఏ విషమూ లేకుండా ముసలితనంతోనే పోయాడు. రాసినవాడు అతన్ని వెక్కిరించాడు. నాకు మాత్రం అతను చాలా జాగ్రత్తగల మనిషి అనిపించాడు.

జూన్ 9, సోమవారం

పిల్లని పిలిపించాను. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. గోళ్ళు మొదలంటా కత్తిరించుకుంది, మోచేతి దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు. టర్నర్ చేతులే, అందులో అబద్ధం లేదు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది. బయట పని చూసుకున్నావా అని అడిగాను. పంపుల కార్ఖానా ఒకటి చూసుకుందట. సర్టిఫికెట్టు ఉంటే టర్నర్, లేకపోతే హెల్పర్ అన్నారట. ఆ మాట చెప్పి నా మొహంలోకి చూసింది. ఎవరైనా నేర్పి పంపించారా అనిపించింది.

ఫిబ్రవరి మూడు వారాలు ఎందుకు సున్నా అని అడిగాను.

"పని చేశాను సార్. కానీ చూసినవాళ్ళు లేరు. చూడని పనికి సంతకం పెట్టనన్నారు, అందుకని సున్నా రాయమన్నారు. ఆ గంటలు తరవాత ఆదివారాలు చేసి నింపుకున్నాను."

చూసినవాళ్ళు ఎందుకు లేరంటే పుస్తకం అంచు సర్దింది. పద్నాలుగు సంతకాలూ వేలితో ఒక్కొక్కటే చూపించాను. ఇవి ఎవరు పెట్టారు?

"ఆయనే సార్. నా ఎదురుగా పెట్టారు."

"మరి ఇలా ఎందుకున్నాయి?"

చాలాసేపు తన చేతులు చూసుకుంది. "ఆయన్నే అడగండి సార్" అంది.

అడగండి అంట. నేను ఎవరో ఆయనకేమవుతానో ఈ పిల్లకి తెలుసు. ఎవరు చెప్పుంటారు?

జూన్ 10, మంగళవారం

బోర్డు షెడ్డులో మెషిన్ మీద నిలబెట్టాను. పని రానివాళ్ళయితే అక్కడే తేలిపోతుంది. పాత లేత్ ఇచ్చాను, కావాలనే. షాఫ్టుని పట్టి తిప్పేది నాలుగు దవడల చక్, అందులో షాఫ్టు నడిమధ్యకి రావడమే పెద్ద పని. దాని మీద త్రెడ్డు వేసి, నేనిచ్చిన నట్టు చేత్తో తిప్పితే ఎక్కాలన్నాను.

తొందరపడలేదు. చక్ కీతో షాఫ్టు బిగించింది, ఆ కీ తీసింది, తీసిన కీతో మెషిన్ ఇనప బెడ్డు మీద టక్ టక్ మని రెండుసార్లు కొట్టి మేకుకి తగిలించింది. అప్పుడు చక్ మీద అరచెయ్యి పెట్టి, మోటారు వెయ్యకుండానే ఒక్క చుట్టు చేత్తో తిప్పింది.

నేను లేచి కిటికీ దగ్గరకి వెళ్ళాను.

అది మా నాన్న పద్ధతి, ఆయనా టర్నరే. కీ చక్‌లో మర్చిపోయి మోటారు వేస్తే అది ఎగిరొచ్చి మనిషిని చంపుతుంది. అందుకని, తీశాను అని మెషిన్‌కి చెప్పడం. ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకే షెడ్డులోనూ చూడలేదు.

నట్టు ఎక్కింది. ఊగలేదు, పట్టెయ్యలేదు. తప్పు పట్టడానికి అరగంట వెతికాను.

వాడు నాన్నని కూడా వాడుకుంటున్నాడు.

జూన్ 12, గురువారం

రాసిచ్చేశాను. 'ఫిబ్రవరి తరవాతి పద్నాలుగు వారాల సంతకాలు షెడ్డు పెద్దవిగా లేవు. విచారించవలెను.' దగ్గు చదివి, దగ్గి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మాస్టారూ, ఒక్క ఫోన్ చేసి ఆయన్నే కనుక్కుంటే పోయేదానికి" అన్నాడు. నువ్వే చెయ్యి అన్నాను. పరీక్షకుడికి అనుమానం వస్తే పరీక్షకుడే అడగాలి, గుమాస్తా అడగకూడదు, అది రూలు అన్నాడు. అయితే రూలు ప్రకారమే పంపించు అన్నాను. షెడ్డు అధికారికి ఇవాళే వెళ్తుంది.

న్యాయమే చేశాను. ఆ పన్నెండు వారాలు నేను కామెర్లతో ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. జబ్బుపడ్డ సొంత అన్న గంటలు కోసినవాడు, ఈ పిల్ల పుస్తకంలో దొంగ సంతకాలు పెట్టిస్తుంటే ఊరుకోవాలా?

మూడో తేదీన మెషిన్ మీద ఉన్నానని రాశాను. రెండూ నిజమే. కొన్ని వారాలు అది, కొన్ని వారాలు ఇది.

జూన్ 15, ఆదివారం

పదకొండింటికి డాబా ఎక్కింది. ఇవాళ పది నిమిషాల్లోనే దిగింది. తడిబట్టల బకెట్టు మెట్ల మీదే వదిలేసి, ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది. చదువుతున్న పుస్తకం నా చేతిలోంచి తీసి మూసేసింది. పేజీ గుర్తు కూడా పెట్టలేదు.

ఆ పిల్లని మెషిన్ దగ్గరకి రానివ్వడం లేదట. దొంగ సంతకాల మీద విచారణ అట. ఆ పిల్ల నోరు విప్పడం లేదట.

"నీకెవరు చెప్పారు?"

"నా తోడికోడలు."

అదీ సంగతి. ఎన్నాళ్ళనించి అంటే, మీరు మాట మానేసినప్పట్నించీ అంది. మీరిద్దరూ పోట్లాడుకున్నారు, మేం పోట్లాడుకోలేదుగా అంది. నలభై ఒక్క ఏళ్ళు, ఆదివారం ఆదివారం. మొదట్లో ఉత్తరాలు, పక్కింటివాళ్ళ అడ్రసుకి. నా ఇంటి కప్పు మీదనించి శత్రు శిబిరానికి వార్తలు.

నేనింకా ఆ లెక్కలోనే ఉండగా చెప్పింది.

"మీ తమ్ముడికి కుడి చెయ్యి పడిపోయి నాలుగు నెలలైంది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎడమచేత్తో పెడుతున్నాడు సంతకాలు. షెడ్డులో తెలిస్తే తీసేస్తారు, తీసేస్తే తన కింద పనిచేసే పిల్లల పుస్తకాలు మధ్యలో ఆగిపోతాయని ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆ పిల్ల ఆ మాట నిలబెట్టుకుంటోంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తొద్దన్నది ఎవరు?"

బకెట్టు తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళింది.

జూన్ 16, సోమవారం

నమ్మను. పిల్ల, మరదలు, మా ఆవిడ, దగ్గు, అందరూ ఒకటే. రెండు చేతులతో కవరు ఇచ్చినప్పుడే నాకు తెలుసు. పుస్తకం నా దగ్గరికే రావాలని ఎవరు పంపించారు? బోర్డులో టర్నర్లని చూసేవాడు ఇంకెవడూ లేడనుకో. అయినా.

సాయంత్రం. ఎవరూ లేనప్పుడు ఒక కాగితం మీద నా పేరు ఎడమచేత్తో రాశాను. అక్షరాలన్నీ ఎడమకి ఒరిగాయి. రాస్తున్న చెయ్యి రాసినదాని మీదనించే పోతుంది కదా, ఇంకు అలుక్కుపోయింది. అరచేతి అంచుకి నల్లగా అంటింది.

పది సార్లు రాశాను. పదిసార్లూ అంతే.

సబ్బుతో కడిగాను. ఇంకా ఉంది.

జూన్ 17, మంగళవారం

నా కాగితం వెనక్కిచ్చెయ్యమన్నాను. దగ్గు ఇవ్వలేదు. లోపలికొచ్చిన కాగితం బయటికి పోదు మాస్టారూ అన్నాడు. ఎంత సంతోషమో ఆ మొహంలో. కాదు, సంతోషం కాదేమో, అతని మొహమే అంత. ఒక్కటే దారి ఉందట. అనుమానం రాసిన పరీక్షకుడు స్వయంగా వెళ్ళి, తన ఎదురుగా షెడ్డు పెద్ద చేత సంతకం పెట్టించి, అది ఎందుకు మారిందో కారణం రాసి, కింద ఇద్దరూ సంతకం చెయ్యాలి. బోర్డు ఇరవై ఏడున కూర్చుంటుంది. ఆ లోపల రాకపోతే పుస్తకం రద్దు.

కారణం రాయాలి. రాస్తే వాడి కుర్చీ పోతుంది.

నలభై ఏళ్ళుగా వాడి కుర్చీ పోవాలనే కోరుకున్నాను. ఇది నేను మర్చిపోకూడదని రాసుకుంటున్నాను.

జూన్ 18, బుధవారం

వెళ్ళలేదు. మోకాళ్ళ నొప్పి.

జూన్ 19, గురువారం

మా ఆవిడ మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది, మజ్జిగ పోస్తోంది, మాటే లేదు. ఇలా ఉండొచ్చని నాకు తెలియదు. నాలుగు రోజులకే ఇంత పెద్దగా వినిపిస్తోంది గోడ గడియారం.

జూన్ 20, శుక్రవారం

రెండు బస్సులు మారి వెళ్ళాను. ట్రంకు పెట్టెలోంచి నా పాత పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాను, పాత సంతకాలతో పోల్చి చూడ్డానికి. దాంట్లో వాడి సంతకం ఒక్కటీ లేదని రెండో బస్సులో గుర్తొచ్చింది.

రెండో అంతస్తు. మెట్ల కటకటాలకి ఒక పక్కే నునుపు దేలింది, కిందకి దిగేటప్పుడు ఎడమచేతికి వచ్చే పక్క. మరదలు తలుపు తీసింది. "రండి బావగారూ, చెప్పులు లోపలే విడవండి, బయట పోతున్నాయి" అంది. ఇన్నేళ్ళకి కనబడ్డ మనిషితో అనే మొదటి మాట అది.

వాడు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. జుట్టంతా పోయింది. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువు కాసేపు చూస్తుండమంటే చూస్తున్నట్టు.

"మెట్లెక్కగలిగావే" అన్నాడు.

"నాకేం, రెండు చేతులూ బానే ఉన్నాయి" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"మెట్లెక్కేది కాళ్ళతో కదా అన్నయ్యా" అని నవ్వాడు. నవ్వు సగం మొహానికే వచ్చింది.

పిల్ల త్రెడ్డు ఎలా వేసిందని అడిగాడు. వేసిందిలే అన్నాను. నట్టు ఎక్కిందా అన్నాడు. ఎక్కింది. చక్ కీ తీసిందా? తీసింది, రెండుసార్లు కొట్టింది.

"ఇంకా రెండుసార్లే కొడుతోందా. మూడని చెప్పాను. నాన్న మూడుసార్లు కొట్టేవాడు."

"రెండే."

"మూడు. నువ్వు మూడోది వినకుండానే పక్కకి చూసేవాడివి."

దీని మీద పావుగంట వాదించుకున్నాం. మరదలు మంచినీళ్ళు పెట్టి, వంటింట్లోకి వెళ్ళి ఎవరికో ఫోన్ చేసింది. ఎవరికో అని ఎందుకు రాయడం.

కాగితం తీద్దామని సంచిలో చెయ్యి పెడితే కుట్లు వదులైన పాత పుస్తకం జారి బల్ల మీద పడింది. అట్ట చూడగానే గుర్తుపట్టాడు. ఎడమచేత్తో దగ్గరకి లాక్కుని తెరిచాడు. వెతకలేదు. నాలుగైదు పేజీలు ఒక్కసారే తిప్పి సరిగ్గా అక్కడికే వెళ్ళాడు. పన్నెండు వరసలు. నలభై, నలభై, నలభై. వేలు కిందదాకా పోనిచ్చి ఆగాడు.

"ఇంకా రాయలేదన్నమాట" అన్నాడు.

కోపంగా అనలేదు. అన్నం తిన్నావా అన్నట్టు అన్నాడు. ఆ వరసల పక్కన నేను ఎన్నో కారణాలు చెప్పగలను. ఒక్కటీ నోట్లోకి రాలేదు. వాడి దగ్గర ఆ షెడ్డులో నాతోపాటు నిలబడ్డ రెండు కళ్ళున్నాయి.

పుస్తకం మూసి, నా కాగితం ఇమ్మన్నాడు. చదివి వినిపించాను. "ఇందులో చెయ్యి సంగతి రాయాలి. రాస్తే నిన్ను అక్కడ ఉంచరు" అన్నాను.

"రాయి."

"మిగతా పిల్లల పుస్తకాలో?"

"నిన్నటి దాకా అన్నిటికీ పెట్టేశాను. ఆ పై వారాలు కొత్తగా వచ్చినవాడు చూసుకుంటాడు."

"ఇంకోసారి ఆలోచించుకో."

"నలభై ఐదు సున్నాలు రాయించాను ఆ పిల్ల చేత. అందులో మూడు, నా మూలాన రాసింది. నా వంతుకి వచ్చినప్పుడు నేను రాయొద్దా?"

రాశాను. 'కుడిచెయ్యి పనిచేయదు. ఎడమచేతితో చేసిన సంతకములు. నా ఎదుట చేసి చూపినారు.' పెన్ను అందించాను. మొదటి అక్షరం పెట్టగానే కాగితం పెన్నుతోపాటు పక్కకి జరిగింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జరిగింది. నలుగురికి తెలియనివ్వకుండా నాలుగు నెలలు దీన్ని ఎలా నడిపాడో అప్పుడు అర్థమైంది. పుస్తకమైతే బరువుంటుంది, కదలదు. ఒంటి కాగితం కదులుతుంది.

నేను అరచెయ్యి ఆనించి కాగితం పట్టుకున్నాను. మూడు నిమిషాలు పట్టింది. తోక వేస్తున్నప్పుడు పెన్ను నా వేలి మీద గీసుకుంది. చుక్కలు రెండూ విడివిడిగా పెట్టాలని చాలా కష్టపడ్డాడు.

జూన్ 21, శనివారం

ఆ పన్నెండు వారాలు నేను మెషిన్ మీద లేను. ఆసుపత్రిలోనూ లేను. మెషిన్ బేరింగు పోయింది. కొత్తది రావడానికి మూడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ మమ్మల్ని, షెడ్డు షెడ్డంతటినీ, అధికారుల ఇళ్ళ దారి పక్కన రాళ్ళకి తెల్లరంగు వెయ్యమన్నారు. వేసిందే మళ్ళీ మళ్ళీ వేశాం. అందరం పుస్తకంలో నలభై రాసుకున్నాం, అది అప్పటి అలవాటు. వాడు షెడ్డు పెద్ద అయ్యాక అందరి చేతా దిద్దించాడు. అందరూ సున్నా రాశారు. మూడు నెలలు సర్వీసు పొడిగించుకుని ఆ గంటలు నింపుకున్నారు. "నువ్వూ రాయి అన్నయ్యా, మూడు నెలలే కదా, నేనే దగ్గరుండి చేయిస్తాను" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. అదే నా బాధ. పలక మీద తోక వెయ్యడం నేర్పినవాడికి సున్నా వెయ్యడం నేర్పుతున్నాడనిపించింది.

మూడు నెలలు.

జూన్ 27, శుక్రవారం

బోర్డు కూర్చుంది. పరీక్షకుడి నివేదికలో ఒక గడి ఉంటుంది: 'తప్పుగా తేలిన వారములు ఎన్ని.' సున్నా రాశాను. గుండ్రంగా రాలేదు.

వాడిని వచ్చే నెల ఒకటో తేదీనించి రావొద్దన్నారట. మా ఆవిడ చెప్పింది. పన్నెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట.

జూన్ 30, సోమవారం

సర్టిఫికెట్టు తీసుకోవడానికి పిల్ల వచ్చింది. రేపటినించి వేసుకోడానికి లేని యూనిఫాం ఇస్త్రీ చేసి వేసుకొచ్చింది. నాకు థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? రెండు వారాలు నా మూలాన మెషిన్ ముట్టుకోలేదు. నేను అనాల్సిన మాట ఒకటి ఉంది, నోట్లో తిప్పుతూ కూర్చున్నాను.

కాగితం పైనించి కిందకి చదివి, నా సంతకం కింద వేలు పెట్టింది.

"సార్, ఇక్కడ నంబరు లేదు, గీతే ఉంది."

దగ్గు దగ్గడం మానేశాడు. ఎనిమిదేళ్ళకి అడిగారు ఎవరో ఒకరు.

"నాకు నంబరు లేదమ్మా. నా పుస్తకం పూర్తి కాలేదు" అన్నాను.

నన్ను, ఆ గీతని మార్చి మార్చి చూసింది. కాగితం మడతపడకుండా అట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నా కుర్చీ కూడా ఇవాళో రేపో పోతుంది. దగ్గు ఊరుకునే మనిషి కాదు. ఇప్పటికే పైకి రాసుంటాడు.

జూలై 5, శనివారం

దగ్గు పైకి ఏమీ రాయలేదు. ఎందుకు రాయలేదో తెలియడం లేదు.

పన్నెండు వరసల్లో నలభై కొట్టేశాను. పక్కన సున్నా, దాని పక్కన కారణం: రాళ్ళకి రంగు. పన్నెండు సార్లు రాశాను. ఏడువేల ఐదువందల ఇరవై గంటలు తేలింది. నాలుగువందల ఎనభై తక్కువ. ఇక నిండవు.

జూలై 6, ఆదివారం

మా ఆవిడ ఇవాళ డాబా ఎక్కలేదు. హాల్లోనే, నా ఎదురుగానే కూర్చుని తోడికోడలితో మాట్లాడింది. నేను చక్రవర్తి పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

ఫోన్ పెట్టేసి చెప్పింది. వాడికి ఇంట్లో పొద్దుపోవడం లేదట. నా పాత పుస్తకం తీసుకురమ్మన్నాడట. సున్నాలు రాసి ఉంటే మొత్తం అన్నిటికీ సంతకం పెడతాడట, సున్నాలతో సహా. ఎడమచెయ్యి నిదానం కాబట్టి రోజుకి పది వారాలు, ఇరవై రోజులు పడుతుందట.

డెబ్బై ఒకటో ఏట టర్నర్ పుస్తకం ఎవడికి కావాలి? సంతకాలన్నీ పడినా అది పూర్తి కాని పుస్తకమే. ఆ సంగతి వాడికీ తెలుసు. తెలిసీ రమ్మంటున్నాడంటే ఇందులో ఏదో ఉంది. నాన్న మూడుసార్లే కొట్టేవాడని నా చేత ఒప్పించడానికే అయ్యుంటుంది. ఒప్పుకోను.

మొదటి బస్సు ఎనిమిదింటికి. ఆ పాత పుస్తకం కుట్లు ఊడిపోయి పేజీలన్నీ విడివిడిగా వచ్చేశాయి. ఒంటి కాగితాలు కదులుతాయి. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.